విండోస్ మళ్ళీ వేయించాక ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్ళు తెరుచుకోకపోతే

సిస్టం మొరాయిస్తే తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా షాపుల్లో చేసే పని ఒకటే. సి డ్రైవ్‌ను ఫార్మాట్ కొట్టి, విండోస్ కొత్తగా వేసి, డి డ్రైవ్ జోలికి పోకుండా ఇచ్చేస్తారు. ఇంటికి తెచ్చుకుని డి తెరిస్తే ఫోల్డర్లన్నీ కనిపిస్తాయి, ఫైళ్ళ పేర్లూ సైజులూ తేదీలూ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ఫైలు మీద నొక్కితే మాత్రం ‘యాక్సెస్ డినైడ్’ అని వస్తుంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచినా అదే మాట.

ఇక్కడ నూటికి తొంభై మంది వదిలేసే పరీక్ష ఒకటి ఉంది. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి, ‘ఎన్‌క్రిప్ట్ కంటెంట్స్’ (అంటే ఫైలులోని విషయాన్ని కీ లేనిదే చదవలేకుండా మూసేయడం) అన్న గడిలో టిక్కు ఉందో లేదో చూడాలి. టిక్కు లేకపోతే అది పర్మిషన్ల చిక్కు మాత్రమే. సెక్యూరిటీ ట్యాబులో ఓనర్‌ను మార్చుకుని, మీ ఖాతాకు ఫుల్ కంట్రోల్ ఇస్తే తెరుచుకుంటుంది. టిక్కు ఉంటే ఓనర్‌ను ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. ఇక డ్రైవే తెరుచుకోకుండా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంటే అది బిట్‌లాకర్, అంటే డ్రైవ్ మొత్తానికీ తాళం వేసే విండోస్ పద్ధతి. తెర మీద కనిపించే కీ ఐడీని రాసుకుని, మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉన్న కీలలో ఆ ఐడీ ఉన్నదాన్ని వెతికి కొట్టండి. ఇంతకుముందు డి దానంతటదే తెరుచుకునేది కదా అని చాలామంది వాదిస్తారు. ఆటో అన్‌లాక్‌కు కావలసిన కీ పాత విండోస్‌లో ఉండేది, ఫార్మాట్‌తో అదీ పోయింది.

టిక్కు ఉన్న ఫైళ్ళ సంగతే అసలు సమస్య. ఫైళ్ళకు విడివిడిగా తాళం వేసే, విండోస్ 2000 నుంచి ఉన్న ఈఎఫ్ఎస్ పద్ధతిలో ప్రతి ఫైలుకూ ఒక కీ ఉంటుంది. ఆ కీని మీ ఖాతాకు చెందిన సర్టిఫికెట్‌తో మళ్ళీ మూసి ఫైలులోనే దాస్తారు. దాన్ని విప్పే ప్రైవేట్ కీ మాత్రం సి డ్రైవ్‌లో, మీ యూజర్ ప్రొఫైల్ లోపల ఉంటుంది. అంటే బీరువా డి లో, తాళంచెవి సి లో. ఫార్మాట్ కొట్టింది తాళంచెవి ఉన్న ఇంటికి. కొత్త విండోస్‌లో అదే పేరు, అదే పాస్‌వర్డు పెట్టుకున్నా లోపల ఖాతా గుర్తింపు సంఖ్య వేరు, కీ వేరు.

పిఎఫ్ఎక్స్ ఫైలుగా తాళంచెవిని ముందే పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నవారికి పని పది నిమిషాలే. ఆ ఫైలు మీద రెండుసార్లు నొక్కి, కరెంట్ యూజర్ ఎంచుకుని, అప్పట్లో పెట్టిన పాస్‌వర్డు ఇచ్చి, పర్సనల్ స్టోర్‌లోకి ఇంపోర్ట్ చేయాలి. షాపువాళ్ళు విండోస్ ప్రో బదులు హోమ్ రకం వేసి ఉంటే ఎన్‌క్రిప్ట్ గడి మసకగా ఉంటుంది. ముందు ప్రో వేయించుకున్నాకే ఈ పని మొదలుపెట్టండి.

ఇంపోర్ట్ అయిందని చెప్పి కూడా ఫైలు తెరుచుకోకపోవడం నన్ను బాగా ఏడిపించిన సంగతి. చిత్తూరు బెల్లం మండీలో లెక్కలు రాసే ఒక పెద్దాయన ల్యాప్‌టాప్‌తో పాటు పెన్‌డ్రైవ్ కూడా తెచ్చారు. ‘డి జోలికి ఎవరూ పోలేదు గదప్పా, తాళం గూడా ఇదిగో’ అన్నారు. ఇంపోర్ట్ విజయవంతం అని వచ్చింది, సర్టిఫికెట్ మీద ఆయన పేరే ఉంది. లెక్కల ఫోల్డర్‌లో ఆ వారం రాసిన ఒక ఎక్సెల్ ఫైలు చక్కగా తెరుచుకుంది, పాత ఫైళ్ళు ఒక్కటీ తెరుచుకోలేదు. డిస్క్ పాడైందనుకుని నేను ఒక పూటంతా చెక్‌డిస్క్ నడిపాను. అది నా తప్పు.

జరిగింది ఇదీ. ఆ ఫోల్డర్‌కు ఎన్‌క్రిప్ట్ గుర్తు ఉంది కనుక, విండోస్ వేయించుకున్నాక ఆయన అందులో కొత్త ఫైలు సేవ్ చేయగానే, విండోస్ మారుమాట లేకుండా కొత్త కీ ఒకటి తయారుచేసుకుంది. ఆ వెంటనే ‘మీ కీని బ్యాకప్ చేసుకోండి’ అని మూలన ఒక చీటీ చూపించింది. జాగ్రత్త గల మనిషి కాబట్టి ఆయన చెప్పినట్టే చేశారు. పెన్‌డ్రైవ్‌లోనే, పాత పేరుతోనే. అదే పేరుతో ఫైలు ఉంది, దాని స్థానంలో పెట్టమంటారా అని అడిగితే సరే అన్నారు. పాత తాళంచెవి మీద కొత్త తాళంచెవి వచ్చి కూర్చుంది.

అందుకే ఏ పిఎఫ్ఎక్స్ చేతికి వచ్చినా, ఇంపోర్ట్ అయ్యాక సర్టిఫికెట్లను చూపే సర్ట్‌మేనేజర్‌లో (certmgr.msc) పర్సనల్ కింద ఆ సర్టిఫికెట్‌ను తెరిచి రెండు సంగతులు చూడండి. ‘వాలిడ్ ఫ్రమ్’ తేదీ విండోస్ వేయించిన రోజు తర్వాతిదైతే అది పనికిరాని కీ. కచ్చితంగా తేల్చుకోవాలంటే కమాండ్ ప్రాంప్టులో సైఫర్ అని కొట్టి, స్లాష్ సి తగిలించి (cipher /c), తెరుచుకోని ఫైలు పేరు ఇవ్వండి. ఆ ఫైలును ఏ సర్టిఫికెట్ తెరవగలదో దాని థంబ్‌ప్రింట్ (సర్టిఫికెట్‌ను గుర్తుపట్టే సంఖ్య) చూపిస్తుంది. ఆ 40 అక్షరాలూ మీ సర్టిఫికెట్ థంబ్‌ప్రింట్‌తో పోల్చండి. మొదటి నాలుగూ చివరి నాలుగూ చూసినా చాలు, తేడా ఉంటే ఇట్టే తెలిసిపోతుంది. థంబ్‌ప్రింట్ కలిసినా తెరుచుకోకపోతే, సర్టిఫికెట్ కింది భాగంలో ‘ప్రైవేట్ కీ ఉంది’ అన్న వాక్యం ఉందేమో చూడాలి. సిఇఆర్ ఫైలుగా దాచుకున్నవారికి ఆ వాక్యం కనిపించదు, ఎందుకంటే అందులో ప్రైవేట్ కీ ఉండదు. అది తాళంచెవి ఫొటో లాంటిది.

మండీ పెద్దాయనకు దారి మరోచోట దొరికింది. షాపువాళ్ళు బద్ధకించి ఫార్మాట్ కొట్టకుండా పైనే విండోస్ వేశారు కాబట్టి సి లో విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్ మిగిలి ఉంది. కొన్నాళ్ళకు విండోస్ దాన్ని తనంతట తానే తుడిచేస్తుంది కనుక, ఇది కనిపిస్తే ముందు వేరే డిస్కుకు కాపీ చేయండి. పాత యూజర్ ప్రొఫైల్‌లో యాప్‌డేటా, రోమింగ్, మైక్రోసాఫ్ట్ దాటి వెళితే క్రిప్టో, ప్రొటెక్ట్, సిస్టం సర్టిఫికేట్స్ అని మూడు ఫోల్డర్లు ఉంటాయి, మూడూ కావాలి. వాటితో పాటు పాత లాగిన్ పాస్‌వర్డు కూడా కావాలి, పిన్ కాదు. ఇవి ఉంటే ఈఎఫ్ఎస్ రికవరీ సాఫ్ట్‌వేర్లు పాత కీని తిరిగి కట్టగలవు. నిజంగానే ఫార్మాట్ కొట్టి ఉంటే, హార్డ్ డిస్క్ అయితే వెంటనే సిస్టం ఆపేసి డేటా రికవరీ చేసేవారి దగ్గరకు తీసుకెళ్ళండి, ఆ మూడు ఫోల్డర్ల కోసమే వెతకమనండి. ఎస్ఎస్‌డీ అయితే, చెరిపిన డేటాను లోపల నుంచే తుడిచేసే ట్రిమ్ వల్ల ఆశ చాలా తక్కువ. డబ్బు కట్టే ముందే ఈ మాట చెప్పించుకోండి.

ఆఫీసు డొమైన్‌లో ఉన్న సిస్టం అయితే రికవరీ ఏజెంట్ కీ (అందరి ఫైళ్ళనూ తెరవగల ఆఫీసు తాళంచెవి) మీ ఐటీవారి దగ్గర ఉండవచ్చు, అడిగి చూడండి. ఫైళ్ళ పేర్ల చివర వింత అక్షరాలు చేరి ఉంటే అది రాన్సమ్‌వేర్ (డబ్బు గుంజడానికి ఫైళ్ళను బంధించే వైరస్), దాని చికిత్స వేరు. డిస్క్ పాడవడం వల్ల ఇలా జరగడం చాలా అరుదు.

కీ సరైనదని తేలి ఫైళ్ళు తెరుచుకున్నాక, ముందు ఎన్‌క్రిప్ట్ గడిలో టిక్కు తీసేసి వాటిని డీక్రిప్ట్ చేసి ఇంకో డిస్కులో ఒక నకలు పెట్టుకోండి. ఆ తర్వాతే సైఫర్‌కు స్లాష్ ఎక్స్ తగిలించి (cipher /x) కొత్త కీని బ్యాకప్ చేయండి, ఫైలు పేరులో తేదీ రాయండి.