తక్కువ డబ్బుతో వంటిల్లు బాగుచేయడం: ఇబ్బంది ఎక్కడుందో ముందు కనిపెట్టండి

కావలిలో మా అమ్మ వంటిల్లు ముప్పై ఏళ్ల కిందటిది. బాగుచేయిద్దామని మాడ్యులర్ కిచెన్ చేసే ఒక షాపు వాళ్లను పిలిస్తే, టేపు పెట్టి కొలిచి అరగంటలో అంచనా రాసిచ్చారు. అందులో సగానికి పైగా తలుపులు, లామినేట్, లోపలి బుట్టల ఖర్చే. అమ్మ ఇబ్బందులు వేరు: నడుం నొప్పి, సింకు కింద కంపు, వానల్లో గోడకు చెమ్మ, మిక్సీ వేస్తే కరెంటు పోవడం. ఆ కాగితంలో వీటిలో ఒక్కదానికీ పైసా కేటాయించలేదు.

అందుకని వారం రోజులు ఏ పనీ మొదలుపెట్టలేదు. వంట చేస్తూ ఎక్కడ ఇబ్బంది పడుతోందో అమ్మ చెబుతుంటే క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్నాం. చివరికి ఆ జాబితానే మా బడ్జెట్ అయింది. కింద రాసినవి కొన్ని మాకు ఎదురైనవి, కొన్ని నెల్లూరులో, ఒంగోలులో చుట్టాల ఇళ్లలో చూసినవి.

సమస్య: గంటసేపు వంట చేస్తే నడుం, మెడ పట్టేస్తున్నాయి

కారణం చాలా ఇళ్లలో ఒక్కటే, వంట గట్టు ఎత్తు. ఇల్లు కట్టేటప్పుడు వండే మనిషిని నిలబెట్టి కొలిచినవాళ్లు తక్కువ. అమ్మ ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, గట్టు ఎత్తు 29 అంగుళాలు. ముప్పై ఏళ్లుగా వంగే కూరగాయలు కోసింది.

మా బేల్దారి మేస్త్రి కొలిచిన పద్ధతి నాకు బాగా నచ్చింది. "అమ్మా, చెప్పులు లేకుండా నిలబడి మోచేయి మడవండి" అన్నాడు. నేల నుంచి మోచేతికి 39 అంగుళాలు వచ్చింది. అందులోంచి నాలుగు నుంచి ఆరు అంగుళాలు తీసేస్తే కోతకు, చపాతీలు ఒత్తడానికి సరిపోయే ఎత్తు వస్తుంది. అమ్మకు 34. అయినా వెంటనే నమ్మొద్దని, పాత గట్టు మీద పలకలు పేర్చి, పైన పీట పెట్టి రెండు రోజులు అక్కడే కోయమన్నాడు. మూడో రోజు అమ్మే చెప్పింది, ఈ ఎత్తు బాగుందని.

పరిష్కారం: గట్టు మొత్తం పగలగొట్టక్కర్లేదు. కింద గోడలు గట్టిగా ఉంటే పై బండ తీసి, ఒక వరస ఇటుక పేర్చి కొత్త బండ వేయొచ్చు. స్టవ్ ఉండే చోట మాత్రం రెండు మూడు అంగుళాలు తగ్గించండి. స్టవ్ ఎత్తు, గిన్నె ఎత్తు కలిస్తే గరిటె తిప్పే చెయ్యి భుజం దాకా లేస్తుంది. లోతు 24 అంగుళాలు చాలు. అంతకన్నా ఎక్కువైతే వెనక డబ్బాలు అందవు.

బండ విషయంలో మన ప్రాంతం వాళ్లు అదృష్టవంతులు. లోకమంతా కొనుక్కునే గెలాక్సీ నల్లరాయి తవ్వేది ఒంగోలు దగ్గర చీమకుర్తిలోనే. చిన్న వంటిల్లయితే నిండు స్లాబు కొనే ముందు, పెద్ద ఆర్డర్లు కోయగా మిగిలిన ముక్కలు ఉన్నాయేమో కోత యార్డుల్లో అడిగి చూడండి. ఒక్క జాగ్రత్త: మీ బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటే నల్లటి పాలిష్ రాయి మీద తెల్ల మరకలు రోజూ కనిపిస్తాయి. అలాంటి చోట సింకు పక్కన గోధుమ, బూడిద రంగు రాయి నయం. డబ్బు మిగులుతుందని నాపరాయిని గట్టుకు వేయకండి. అది సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. చేపల పులుసు కాగే ఇంట్లో ఆ మచ్చలకు లెక్కుండదు. అరలకు మాత్రం నాపరాయి భేషుగ్గా ఉంటుంది, చెదలు పట్టదు, తడికి ఉబ్బదు.

సమస్య: సింకు కింద చెక్క ఉబ్బింది, కంపు కొడుతోంది, బొద్దింకలు వస్తున్నాయి

ఇవి మూడు సమస్యల్లా కనిపిస్తాయి కానీ మూడింటికీ చూడాల్సింది ఒక్కచోటే, నీళ్లు వచ్చిపోయే పైపుల దగ్గర. కొత్త అర చేయించే ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేల్చుకోండి. సింకు కింద సామానంతా తీసి, పొడిగుడ్డతో పైపులన్నీ తుడిచి, కింద పాత న్యూస్‌పేపర్ పరవండి. మొదట కుళాయి కింద బకెట్ పెట్టి, నీళ్లు సింకు కన్నంలోకి పోకుండా కాసేపు వదిలి చూడండి. తర్వాత సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదలండి. కుళాయి వదిలినప్పుడే పేపరు తడిస్తే సన్న పైపు జాయింటు పోయినట్టు. నిండు సింకు వదిలినప్పుడు తడిస్తే జాలీ కింద వాషరు గానీ, మురుగు పైపు గానీ కారుతోంది. ఏ కారడమూ లేకుండా గోడ పక్కన మాత్రమే తడి ఉంటే సింకు అంచుకూ బండకూ మధ్య సందులోంచి నీళ్లు దిగుతున్నాయి. అక్కడ పాత సిలికాన్ గీకేసి కొత్తది పట్టించాలి.

కంపుకు కారణం వంపు పైపు లేకపోవడం. సింకు పైపు వంపు తిరిగి ఉంటే ఆ వంపులో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి, మురుగు వాసననూ పురుగులనూ పైకి రానివ్వవు. పాత ఇళ్లలో ముడతల ప్లాస్టిక్ గొట్టం నేరుగా కన్నంలో దూర్చేసి ఉంటుంది. దాని బదులు బాటిల్ ట్రాప్ (అడుగున నీళ్లు నిలిచే సీసా ఆకారపు గొట్టం) పెట్టించి, గొట్టం కన్నంలోకి దిగే చోట చుట్టూ మూసేయించండి. అక్కడి నుంచి బయటికి పోయే పైపుకు అడుగుకు పావు అంగుళం వాలు ఉండాలి.

ఇక చెక్క సంగతి. ఉబ్బినది చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు గానీ ఎండీఎఫ్ గానీ అయ్యుంటుంది. తడి తగిలిందంటే అవి మళ్లీ మామూలు కావు. సింకు కింద అసలు చెక్కే పెట్టొద్దని నా సలహా. ఖాళీగా వదిలి, అల్యూమినియం ఫ్రేముకు పీవీసీ తలుపు బిగించుకుంటే చాలు. మిగతా చోట ప్లైవుడ్ వాడేటట్టయితే దాని మీద ఐఎస్ 710 ముద్ర చూసి తీసుకోండి. నీళ్లను తట్టుకునే మెరైన్ రకం అదే. నీళ్లకు దూరంగా ఉండే పై అరలకు ఐఎస్ 303 బీడబ్ల్యూఆర్ రకం సరిపోతుంది. అక్కడ ఎక్కువ పెట్టక్కర్లేదు.

సమస్య: గోడకు చెమ్మ, రంగు పొరలుగా లేస్తోంది

నెల్లూరు వైపు అసలైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. గోడ జబ్బులన్నీ అప్పుడే బయటపడతాయి. వేసవిలో చూసి "గోడ బాగానే ఉంది" అనుకుని టైల్స్ వేసేస్తే, కార్తీకమాసంలో అవి వెనక నుంచి వదిలేస్తాయి.

రూపాయి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. చెమ్మ ఉన్న చోట అడుగు చదరం పారదర్శక ప్లాస్టిక్ కవరు పరిచి, నాలుగు వైపులా టేపు అంటించి రెండు రోజులు వదిలేయండి. మా ఇంట్లో రెండో రోజు పొద్దున చూస్తే కవరు లోపలి వైపు, గోడను తాకుతున్న వైపు, ఆవాలంత నీటి బొట్లు వరసగా పట్టి ఉన్నాయి. అంటే తడి గోడలోంచి వస్తోంది. బొట్లు కవరు బయటి వైపు ఉండుంటే, అది వంట ఆవిరి చల్లటి గోడకు పట్టడం. దానికి గాలి ఆడేలా చేస్తే చాలు.

గోడలోంచి వస్తుంటే మచ్చ ఎక్కడుందో చూడండి. నేల నుంచి రెండు మూడడుగుల దాకా ఉండి తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే భూమిలోంచి ఎక్కుతున్న తడి. పైన మూలలో ఉంటే స్లాబు గానీ సజ్జ గానీ పగిలింది. మధ్యలో ఉంటే అవతల బాత్రూం పైపును అనుమానించండి. మా ఇంట్లో అదే. మరమ్మతు ఎప్పుడూ నీళ్లు పుట్టే చోటే చేయాలి. లోపలి వైపు వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేస్తే చెమ్మ పక్కకు జరుగుతుంది తప్ప తగ్గదు. కొత్త సిమెంటు పూతకు వారమన్నా నీళ్లు కొట్టి, రంగుకు మూడు నాలుగు వారాలు ఆగండి. అందుకే ఈ పని సంక్రాంతి దాటాక పెట్టుకోవడం మేలు.

పాత టైల్స్ పగలగొట్టాలా అని చాలామంది అడుగుతారు. రూపాయి బిళ్లతో ఒక్కో టైలును తట్టండి. బోలుగా మోగినవి తీసేసి, మిగతావి గట్టిగా ఉంటే వాటి మీదే టైల్ అడ్హెసివ్‌తో కొత్తవి అంటించొచ్చు. పగలగొట్టే కూలీ, రాళ్ల ట్రాక్టరు బాడుగ రెండూ మిగులుతాయి.

సమస్య: తిరగమోత పెడితే ఇల్లంతా దగ్గు, గోడలకు జిడ్డు

చిమ్నీ లేకపోవడమే కారణమని అందరూ అంటారు. చిమ్నీ ఉన్న ఇళ్లలోనూ ఈ బాధ చూశాను. ఆరంగుళాల గొట్టాన్ని మూడు నాలుగు మలుపులు తిప్పి ఎక్కడో దూరంగా బయటికి వదిలారు. ప్రతి మలుపుకూ లాగే శక్తి తగ్గిపోతుంది. స్టవ్ వెనకది ఇంటి బయటి గోడ అయితేనే చిమ్నీ పెట్టండి. గొట్టం ఒక్క మలుపుతో బయటపడేలా, స్టవ్‌కు 26 నుంచి 30 అంగుళాల పైన పెట్టాలి.

డబ్బు తక్కువైతే మంచి ఎగ్జాస్ట్ ఫ్యాను చాలు. స్టవ్‌కు దగ్గరగా, పైకప్పు కింద పెట్టండి. వంట చేసేటప్పుడు ఫ్యాను పక్క కిటికీ మూసి, గదికి అవతలి వైపున్న తలుపో కిటికీయో తెరవండి. పక్క కిటికీ తెరిస్తే ఫ్యాను బయటి గాలినే లోపలికి లాక్కుని మళ్లీ బయటికి తోస్తుంది, పొగ అక్కడే ఉండిపోతుంది.

సమస్య: మిక్సీ, ఇండక్షన్ కలిపి వేస్తే ఎంసీబీ పడిపోతోంది, స్విచ్ బోర్డు వేడెక్కుతోంది

ఎంసీబీ అంటే కరెంటు ఎక్కువ లాగితే దానంతటదే ఆపేసే స్విచ్చు. లెక్క వేస్తే అది పడడానికి కారణం తెలిసిపోతుంది. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. 750 వాట్ల మిక్సీ మూడుకు పైగా, 1200 వాట్ల మైక్రోవేవ్ ఐదుకు పైగా. పాత వంటింట్లో ఇవన్నీ ఒకే తీగ మీద ఉంటాయి. ఇండక్షన్‌ను 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌లో పెడితే ఎంసీబీ పడకముందే సాకెట్ కాలుతుంది. ఎంసీబీ పడిపోతోందని పెద్దది వేయించుకోవడం ప్రాణాపాయం. తీగ పాతదే కాబట్టి గోడలోనే కాలుతుంది.

ఇండక్షన్‌కు ఒకటి, మిగతా పెద్ద సామాన్లకు ఒకటి, విడివిడిగా 16 ఆంపియర్ల లైన్లు వేయించండి. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, సరైన ఎర్తింగు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) ఉండాలి. తడి చేతులతో స్విచ్చులు వేసే గదిలో ఆ చివరిది మాత్రం దయచేసి తగ్గించకండి. గోడ మూసే ముందు పైపులూ తీగలూ ఎక్కడెక్కడ పోతున్నాయో టేపు పెట్టి ఫోన్లో ఫొటోలు తీసుకోండి. రేపు మేకు కొట్టేటప్పుడు అక్కరకొస్తాయి.

సమస్య: గ్యాస్ బండను గట్టు కింద అరలో పెట్టి తలుపు బిగించారు

గ్యాస్ గాలి కన్నా బరువు. కారితే నేల మీదే పేరుకుంటుంది. ఆ అర తలుపుకు అడుగున జాలీ పెట్టించండి. గ్యాస్ బండ నిలువుగా, స్టవ్ కన్నా కిందుగా ఉండాలి. ఐఎస్ఐ ముద్ర ఉన్న గొట్టాన్ని ఐదేళ్లకోసారి మార్చండి. వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా, రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికొచ్చి గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయండి.

సమస్య: ఎన్ని అరలున్నా సామాను పట్టదు

మా ఇంట్లో అరల్లో సగం ఏడాదికోసారి తీసే గుండిగలు, డేగిసాలు. అవి అటక మీదికెక్కాక చోటు దానంతటదే దొరికింది. ఖరీదైన స్టీలు బుట్టలు అన్నిచోట్లా అక్కర్లేదు. రోజూ వాడే పళ్లేలకు, పోపు డబ్బాలకు స్టవ్ పక్కన రెండు సొరుగులు చాలు. సముద్రానికి దగ్గరి ఊళ్లలో బుట్టలు, కబ్జాలు తుప్పును బాగా తట్టుకునే 304 రకం స్టీలువే అడగండి. అయస్కాంతం అంటుకోనంత మాత్రాన అది 304 అనుకోవద్దు, 202 రకానికీ అంటుకోదు. బిల్లు మీద రకం రాయించుకోండి. పాత టేకు తలుపులుంటే పారేయకండి, చిత్రిక పట్టించి పాలిష్ వేయిస్తే సరి.

సమస్య: సగం పనిలో డబ్బులు అయిపోయాయి

కారణం ఎక్కువగా వరస తప్పడం. తలుపులు ముందు ఆర్డరిచ్చి, తర్వాత పైపు పగిలి ఉందని తెలిస్తే రెండు ఖర్చులూ మీద పడతాయి. పగలగొట్టడం, పైపులు, కరెంటు, పూత, బండ, టైల్స్, రంగు, అన్నిటికన్నా చివర చెక్కపని. ఈ వరసలో పోతే డబ్బు ఎక్కడ ఆగినా వంటిల్లు వాడుకునేలా ఉంటుంది. అరలకు తలుపుల్లేకపోతే తెర కట్టుకోవచ్చు. మురుగు పైపు లేకపోతే ఏం చేస్తాం?

బండకు చదరపు అడుగు రేటు చెప్పినప్పుడు అంచు గుండ్రంగా తీయడం, సింకు కన్నం, రవాణా అందులో ఉన్నాయో లేదో అడిగి కాగితం మీద రాయించుకోండి. అసలు బిల్లు పెరిగేది అక్కడే. మొత్తంలో నూటికి పదిహేను రూపాయలు పక్కన పెట్టి, గోడ తవ్వాక బయటపడే వాటికి మాత్రమే తీయండి. మేస్త్రికి అడ్వాన్సు తక్కువిచ్చి, ఒక్కో దశ అయ్యాక ఆ దశ డబ్బులు ఇచ్చేయండి. ఆఖరి విడత సింకు నింపి వదిలి, పేపరు తడవలేదని చూశాక ఇవ్వండి.

సమస్య: పని జరిగినన్ని రోజులు వంట ఎక్కడ?

దీన్ని లెక్కలో వేసుకోకపోతే హోటలు భోజనాలకే బోలెడవుతుంది. మేము వెనక వసారాలో బల్ల వేసి, రెండు పొయ్యిల స్టవ్, ఓ బకెట్, కుళాయి దగ్గర అంట్ల తొట్టి ఏర్పాటు చేశాం. మూడు వారాలు అక్కడే వండింది అమ్మ. బల్ల ఎత్తు కూడా మేస్త్రి చెప్పినట్టే 34 అంగుళాలు.