ఇంగ్లీషులో పాస్ట్ కంటిన్యువస్ టెన్స్‌ను సరిగ్గా వాడడం ఎలా?

‘నేను టీ పెడుతుంటే ఆయన వచ్చారు.’ ఈ వాక్యంలో ‘పెడుతుంటే’ దగ్గర కాస్త ఆగండి. పని మొదలైంది, పూర్తి కాలేదు, ఇంతలో మరొకటి జరిగింది. పాస్ట్ కంటిన్యువస్ చెప్పేది సరిగ్గా ఇదే.

1. జరిగిపోయిన సంగతి చెబుతున్నప్పుడు ముందుగా మీ తెలుగు వాక్యంలో ‘-తుంటే’, ‘-తుండగా’, ‘-తున్నప్పుడు’ వెతకండి. ఒక్క జాగ్రత్త: ‘ఇప్పుడు చదువుతున్నాను’, ‘నిన్న 8 గంటలకు చదువుతున్నాను’ అని మనం రెండు చోట్లా ఒకే క్రియ వాడతాం. ఇంగ్లీషు ఒప్పుకోదు. మొదటిది ‘ఐ యామ్ స్టడీయింగ్’, రెండోది ‘ఐ వాజ్ స్టడీయింగ్’.

2. ఐ, హి, షి, ఇట్ పక్కన ‘వాజ్’. యు, వి, దే పక్కన ‘వర్’ పెట్టి, క్రియకు ‘ఇంగ్’ చేర్చండి. కాదని చెప్పాలంటే ‘వాజ్’, ‘వర్’ తర్వాత ‘నాట్’ వస్తుంది. ప్రశ్నలో అవి కర్తకు ముందుకు జరుగుతాయి: ‘వర్ యు స్లీపింగ్?’

3. ఇప్పుడు రెండు పనులను కలపండి. ఈ రెండు వాక్యాలను పైకి చదవండి.

‘వెన్ హి కేమ్, ఐ వాజ్ మేకింగ్ టీ.’
‘వెన్ హి కేమ్, ఐ మేడ్ టీ.’

మొదటి వాక్యంలో ఆయన వచ్చేసరికే పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. రెండో వాక్యంలో ఆయన వచ్చాకే పొయ్యి వెలిగించారు. క్రియ ఒక్కటి మారితే కథే మారిపోయింది! నా దృష్టిలో ఈ తేడా మనసుకు పట్టిందంటే సగం పాఠం వచ్చినట్టే.

4. మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది అలవాట్ల దగ్గర. ‘చిన్నప్పుడు బడికి నడిచి వెళ్లేవాణ్ని’ అనడానికి ‘ఐ వాజ్ వాకింగ్ టు స్కూల్’ అంటారు. అది ఫలానా సమయంలో దారిలో ఉన్నానని చెప్పే మాట. అలవాటుకు ‘ఐ యూజ్డ్ టు వాక్ టు స్కూల్’ అనాలి.

5. నో (తెలిసి ఉండడం), బిలీవ్ (నమ్మడం) వంటి క్రియలు పనిని కాక స్థితిని చెబుతాయి. అందుకే ‘ఐ వాజ్ నోయింగ్ హిమ్’ తప్పు, ‘ఐ న్యూ హిమ్’ ఒప్పు. ‘హ్యావ్’ విషయంలో అర్థం చూసుకోండి: ‘ఐ వాజ్ హ్యావింగ్ లంచ్’లో అది తినడం అనే పని కాబట్టి సరైనదే, ‘ఐ వాజ్ హ్యావింగ్ ఎ కార్’లో అది కారు ఉండడం అనే స్థితి కాబట్టి సరికాదు.

ఈ రాత్రి నిన్నటి రోజులో మూడు సమయాలు ఎంచుకోండి. ఒక్కో సమయంలో ఇంట్లో ఎవరు ఏమి చేస్తూ ఉన్నారో ఇంగ్లీషులో రాసి, పైకి చదవండి.