గేటు నుంచి పోర్టికో దాకా తారు: తారు కలిపిన కంకర (మాల్) చల్లారితే డబ్బులు పోయినట్టే

వైజాగ్‌లో కొత్త ఇల్లు కట్టిన ప్రతివాళ్లూ వాకిట్లో టైల్స్ వేయించి, తొలి వానకే జారిపడుతున్నారు. తారు వేయించుకోండి బాబూ అంటే నవ్వుతారు.

తారు రోడ్డు కథ చిన్నదే. 1820 ప్రాంతంలో స్కాట్లాండ్‌కి చెందిన మెకాడమ్, కోసుగా పగలగొట్టిన చిన్న రాళ్లు ఒకదాన్నొకటి పట్టుకుంటాయని చూపించాడు. కార్లొచ్చాక ఆ రాళ్ల రోడ్ల మీద దుమ్ము లేచింది. 1901లో ఇంగ్లండ్‌లోని డెన్బీలో ఒలికిన తారు మీద కొలిమి చిట్టెం పోస్తే అక్కడ దుమ్మే లేదని హూలీ అనే సర్వేయర్ గమనించాడు, మరుసటేడు పేటెంట్ తీసుకున్నాడు. ఆయన తారు బొగ్గుది, మనం వాడేది రిఫైనరీలో వచ్చే బిటుమెన్, అయినా మనకది తారే.

ముందు అడుగు లోతు తవ్వి గ్రావెల్, దాని మీద వెట్ మిక్స్ (నీళ్లతో తడిపి కలిపిన కంకర), రోలర్. వాలు ఇంటి నుంచి బయటికి, 40 అడుగులకి ఒక అడుగు. అంచులకి రాళ్లు పాతండి. ఎమల్షన్ (నీళ్లలో కలిపిన పల్చటి తారు) చల్లి ఒక రోజు వదిలేయండి. గోధుమరంగు పోయి నల్లబడాలి.

ఇక అసలు సంగతి మాల్ వేడి. ప్లాంటులో 150 డిగ్రీల పైన ఉంటుంది, మీ గేటు దగ్గర 120కి తగ్గితే వెనక్కి పంపండి, మొహమాటం వద్దు. టిప్పర్ ఎక్కి చూడండి: కుప్ప మెత్తగా గుండ్రంగా కూర్చుని నిగనిగలాడితే మంచిది, కోసుగా నిలబడితే చల్లారినట్టు, నీలం పొగొస్తే మాడినట్టు. మధురవాడలో మా బావమరిది ఇంటికొచ్చిన టిప్పర్ ట్రాఫిక్‌లో గంటన్నర ఇరుక్కుంది, మాల్ పెచ్చుకట్టింది, మేస్త్రీ కిరోసిన్ చల్లి కదిలించాడు. కిరోసిన్ తారుని కరిగిస్తుందండీ! రెండు వానలకి పిక్కంతా విడిపోయి చెప్పుల్లో గుచ్చుకుంది.

దింపిన వెంటనే పరిచేయాలి, రోలర్ తర్వాత 50 ఎం.ఎం. మిగలాలంటే 60 పైనే పరచాలి. రోలర్ పల్లం అంచు నుంచి ఎత్తుకి నడవాలి, డ్రమ్ముకి నీళ్లే రాయాలి, డీజిల్ కాదు. టీ బ్రేకులు తర్వాత. నా లెక్కలో ఫిబ్రవరి, మార్చి తప్ప వేరే నెల లేదు. అక్టోబరు తుపాన్లప్పుడు పని పెట్టుకునేవాళ్లకి చెప్పడం దండగ.

మూడు రోజులు కారు బయటే. వారం దాకా నిలబెట్టి స్టీరింగ్ తిప్పకండి. మే ఎండలో బుల్లెట్ సైడ్ స్టాండ్ తారులోకి దిగబడుతుంది, కింద చెక్కముక్క పెట్టండి.