పోలీసులు ఇంట్లోవాళ్లను తీసుకెళ్తే: మొదటి 24 గంటల్లో చేయాల్సినవి

ముందు టైము రాసుకోండి. సివిల్ డ్రస్సులో వచ్చినవాళ్లు మీ తమ్ముణ్ని ఎన్ని గంటలకు, ఎక్కడ బండెక్కించారు, బండి నంబరెంత, చూసిన పక్కింటివాళ్లెవరు, ఎదురు షాపు సీసీ కెమెరా ఎటు చూస్తోంది: ఇవన్నీ ఒక కాగితం మీదికి రావాలి. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టయిన మనిషిని 24 గంటల్లోపు దగ్గర్లోని మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. కోర్టుకు తీసుకెళ్లే ప్రయాణ సమయమొక్కటే ఆ లెక్కలోకి రాదు. తగాదా అంతా ఈ లెక్క ఎప్పుడు మొదలైందన్న దగ్గరే. మంగళవారం రాత్రి పట్టుకెళ్లి గురువారం పొద్దున అరెస్టు చేసినట్టు మెమో రాస్తే, కాగితం మీద అంతా సవ్యంగానే ఉంటుంది. మెమోలో వేసిన టైముతో పనిలేదు, మనిషిని అదుపులోకి తీసుకున్న క్షణం నుంచే 24 గంటలు లెక్కించాలని తెలంగాణ హైకోర్టు 2024లో ఒక హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని వేసే పిటిషన్) కేసులో చెప్పింది. ఆ క్షణం ఏదో చూపించుకోవాల్సింది మాత్రం మీరే.

అందుకే వెంటనే 112కి ఫోన్ చేసి విషయం చెప్పండి. మనిషి దొరక్కపోయినా ఆ కాల్ టైము రికార్డులో పడుతుంది. తర్వాత స్టేషన్‌కు వెళ్లండి, ఒంటరిగా వద్దు. హైదరాబాద్ నగరంలో టాస్క్‌ఫోర్స్, సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్), శివార్లలో ఎస్‌ఓటీ (స్పెషల్ ఆపరేషన్స్ టీమ్) వాళ్లు తీసుకెళ్తే లోకల్ స్టేషన్‌కు నిజంగానే తెలియకపోవచ్చు. ‘మా దగ్గర లేడు’ అన్న జవాబు కూడా పనికొస్తుంది, ఎవరన్నారో ఎప్పుడన్నారో రాసిపెట్టుకుంటే. అరెస్టయినవాళ్ల పేర్లు, చిరునామాలు స్టేషన్‌లోనూ జిల్లా హెడ్‌క్వార్టర్స్‌లోనూ అందరికీ కనబడేలా పెట్టాలని భారతీయ నాగరిక్ సురక్ష సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 37వ సెక్షన్ చెబుతోంది. ఆ బోర్డు ఎక్కడుందని అడగండి.

ఎక్కువగా వినిపించే మాట, ‘అరెస్టు కాదు, ఎంక్వైరీకి తెచ్చాం’ అని. అలాంటి మధ్యస్థితి చట్టంలో లేదు. నిందితుణ్ని పిలవాలంటే అదే సంహిత 35(3) సెక్షన్ కింద రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అది వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. సాక్షిగా అడగాలనుకుంటే 179వ సెక్షన్ ఉంది. మహిళలను, 15 ఏళ్లలోపు పిల్లలను, 60 దాటిన పెద్దలను, వికలాంగులను, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లను సాక్ష్యం కోసం స్టేషన్‌కు రమ్మనడానికి వీల్లేదు, వాళ్లుండే చోటికే పోలీసులు రావాలి.

ఆచూకీ చెప్పకపోతే అదే రాత్రి పోలీస్ కమిషనర్‌కు, డీజీపీకి ఈమెయిల్ పంపండి. వెనకటి రోజుల్లో పౌరహక్కుల వాళ్లు ఇందుకే టెలిగ్రాములు కొట్టేవారు. 2013 జూలైలో ఆ సర్వీసు మూతపడింది. పొద్దున్నే స్పీడ్ పోస్ట్ కూడా చేసి రసీదు దాచండి. కవిత్వం అక్కర్లేదు, ఇలా రాస్తే చాలు:

‘మా తమ్ముడు ఫలానా, వయసు 24. ఈ నెల ఫలానా తేదీ రాత్రి 9.40కి మా ఇంటి ముందు నుంచి సివిల్ డ్రస్సులో ఉన్న నలుగురు ఫలానా నంబరు కారులో తీసుకెళ్లారు. కారణం చెప్పలేదు. ఫలానా స్టేషన్‌లో 10.30కి అడిగితే తమ దగ్గర లేడన్నారు. ఆచూకీ రాతపూర్వకంగా తెలపాలని, 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని కోరుతున్నాను.’

లాయరు దొరక్కపోతే న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత లాయరు హక్కుంది. ప్రశ్నించేటప్పుడు లాయరును కలవనివ్వాలి, అయితే విచారణ సాగినంతసేపూ పక్కనే కూర్చోనివ్వరు. ఈలోగా ‘నేను మాట్లాడి తెస్తా’నంటూ ఏరియా పెద్దమనిషి ఎవరో ఒకరు తయారవుతాడు. ఆయన్ను మాట్లాడనివ్వండి, మీ పని మాత్రం ఆపకండి. ఎక్కువ కుటుంబాలు రెండు రోజులు పోగొట్టుకునేది ఇక్కడే.

అరెస్టు చూపించాక మెమో చదవండి. 1996 నాటి డి.కె. బసు తీర్పు ప్రకారం దానిమీద కుటుంబ సభ్యుడో ఆ ప్రాంతంలోని పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి, అరెస్టయిన మనిషి కూడా సంతకం పెట్టాలి, తేదీ, టైము ఉండాలి. టైము తప్పుగా ఉంటే సంతకం పక్కనే ‘ఫలానా రోజు రాత్రి 9.40కి తీసుకెళ్లారు’ అని రాయండి, రాయనివ్వకపోతే వెంటనే ఈమెయిల్‌లో పెట్టండి. తెల్లకాగితం మీద ఎవరూ సంతకం పెట్టొద్దు. అరెస్టుకు కారణాలను ఆ మనిషికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలి. అప్పటికప్పుడు కుదరకపోతే నోటితో చెప్పినా, రిమాండుకు కనీసం 2 గంటల ముందు కాగితం చేతికందాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది.

రిమాండు కోర్టు ఏదో ముందే కనుక్కోండి. నగర స్టేషన్లలో చాలావాటికి నాంపల్లి, ఎల్బీనగర్ వైపువాటికి రంగారెడ్డి కోర్టు. సెలవురోజయితే మేజిస్ట్రేటు ఇంటికే తీసుకెళ్తారు, కాబట్టి కోర్టు గేటు దగ్గర కాపు కాస్తే లాభం లేదు. ఎప్పుడు తీసుకెళ్లారు, కొట్టారా, కారణాల కాగితం ఇచ్చారా అన్నవి అరెస్టయిన మనిషి అక్కడ తన నోటితో చెప్పాలి. దెబ్బలుంటే చూపించి, రికార్డు చేయమని, డాక్టరు పరీక్షకు పంపమని అడగాలి. ఆ పూట మౌనంగా ఉంటే తర్వాత ‘అప్పుడెందుకు చెప్పలేదు’ అన్న ప్రశ్న కేసు పొడుగునా వెంటాడుతుంది.

మనిషిని అసలు చూపించకపోతే 226వ అధికరణం కింద హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయాలి. తల్లి, భార్య, స్నేహితుడు, ఎవరైనా వేయొచ్చు. హోం శాఖ ముఖ్య కార్యదర్శి, డీజీపీ, కమిషనర్, స్టేషన్ ఇన్‌స్పెక్టర్ ప్రతివాదులు. అఫిడవిట్‌కు ఈమెయిల్, స్పీడ్ పోస్ట్ రసీదు, సాక్షుల వివరాలు జతచేస్తారు. పని దినమైతే లంచ్ మోషన్ (అదే రోజు అత్యవసర విచారణ), సెలవైతే హౌస్ మోషన్ (జడ్జి ఇంటి దగ్గర అత్యవసర విచారణ) అడగమని లాయరుకు చెప్పండి. 32వ అధికరణం కింద సుప్రీంకోర్టుకూ పోవచ్చుగానీ, హైకోర్టుకే వెళ్లమనడం అక్కడ మామూలు. ఒకసారి రిమాండు పడిందంటే హెబియస్ కార్పస్‌కు బలం తగ్గిపోతుంది, ఇక బెయిలు దారే. కాబట్టి ఆలస్యం చేయొద్దు.

పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) సంగతి వేరు. 1986 నాటి ఆ చట్టం కింద నిర్బంధిస్తే 24 గంటల నియమం వర్తించదు, గరిష్ఠంగా 12 నెలలు ఉంచొచ్చు. కానీ 5 రోజుల్లోపు కారణాలు అందాలి, ప్రభుత్వం 12 రోజుల్లో ఆమోదించాలి, 3 వారాల్లో సలహా బోర్డు ముందుకు వెళ్లాలి. ఇచ్చిన కాగితాలు చదవలేనట్టున్నా, తెలియని భాషలో ఉన్నా, అవే హైకోర్టులో వాదనకు పనికొస్తాయి. మామూలు శాంతిభద్రతల కేసులకు ఈ చట్టం వాడటాన్ని సుప్రీంకోర్టు 2022లో, 2023లో తెలంగాణ కేసుల్లోనే తప్పుపట్టింది.

మనిషి ఇంటికొచ్చాక నాంపల్లి గృహకల్పలోని రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఫీజు లేకుండా ఫిర్యాదు చేయొచ్చు. ఘటన జరిగిన ఏడాదిలోపే ఇవ్వాలి. కమిషన్ సిఫారసు మాత్రమే చేయగలదు, పరిహారం కచ్చితంగా కావాలంటే హైకోర్టే. ఏ దారి పట్టినా స్టేషన్ సీసీ కెమెరా ఫుటేజీ భద్రపరచమని తేదీలు, గంటలతో లేఖ ఇవ్వండి. 18 నెలలు, అది కుదరని చోట కనీసం ఏడాది దాచాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా ‘కెమెరా చెడిపోయింది’ అన్న జవాబు రావచ్చు కాబట్టి, ఆ లేఖ మొదటి వారంలోనే వెళ్లాలి.