పాత లారీ కొంటున్నారా? ముందు ఇంజిన్‌ను ఇలా పరీక్షించండి

విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా కోరాపుట్, రాయ్‌పూర్ వెళ్లే రోడ్డు పక్కన నాది ఇంజిన్ పని చేసే షెడ్డు. ఏళ్ల తరబడి ఒకరి దగ్గర డ్రైవర్‌గా చేసి, ఇంట్లో నగలు కుదువపెట్టి సొంతంగా ఓ పాత లారీ కొనుక్కునే తమ్ముళ్లు ఈ దారిలో చాలామంది కనిపిస్తారు. టైర్లు చూస్తారు, క్యాబిన్ రంగు చూస్తారు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) కాగితం చూస్తారు. ఇంజిన్ దగ్గరకు వచ్చేసరికి స్టార్ట్ చేసి, చెవి పెట్టి, సౌండ్ బాగుందని సరిపెట్టుకుంటారు. రేపు మీ అప్పు తీర్చాల్సింది ఆ ఇంజినే. దానికోసం కనీసం ఒక పూట కేటాయించండి.

పొద్దున్నే వెళ్లండి. మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఆ రోజు వదిలేసి మరో రోజు రండి. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని పదహారు, పదిహేడు వంతులు కుదించగా పుట్టిన వేడికే డీజిల్ అంటుకోవాలి. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, పిస్టన్ తిరిగే గొట్టాలైన లైనర్లు అరిగితే గాలి జారిపోయి ఆ వేడి చాలదు. ఈ లోపం బయటపడేది చల్లటి ఇంజిన్‌లోనే. మన జిల్లా వాతావరణంలో బాగున్న ఇంజిన్ రెండు మూడు తిప్పులకే అందుకోవాలి. ‘చలికాలమండీ, స్టార్ట్ అవడానికి కొంచెం టైం పడుతుంది’ అని అమ్మేవాళ్లు అంటే నమ్మవద్దు.

స్టార్ట్ చేయకముందే రేడియేటర్ మూత తీయండి. నేను అన్నిటికంటే ముందు చూసేది నీళ్లనే. ఇంజిన్‌ను చల్లబరిచే రంగు ద్రవం, అంటే కూలెంట్ కనిపించాలి. తుప్పు రంగు బోరు నీళ్లు ఉంటే అనుమానించాల్సిందే. చాలా పెద్ద ఇంజిన్లలో లైనర్ బయటి వైపు నేరుగా నీళ్లు ఆనుకుని ఉంటాయి. డీజిల్ మండిన ప్రతిసారీ పిస్టన్ లైనర్‌ను పక్కకు కొడుతుంది, ఆ దెబ్బకు లైనర్ గోడ సన్నగా అదురుతుంది. అదురుకు నీళ్లలో చిన్న చిన్న బుడగలు పుట్టి గోడ మీదే పగులుతాయి. పగిలిన చోటల్లా ఇనుము కొద్దికొద్దిగా ఊడిపోయి చివరికి సూదిబెజ్జం పడుతుంది. అక్కడి నుంచి నీళ్లు ఆయిల్‌లో కలుస్తాయి, ఆ తర్వాత పోయేవి బేరింగులు. కూలెంట్‌లో కలిపే మందు లైనర్ మీద పొరలా పట్టి ఈ తినివేతను అడ్డుకుంటుంది. కూలెంట్ అంటే మంచు కురిసే ఊళ్ల సరుకని, మన ఎండలకు అక్కర్లేదని అనుకోకండి. 5.9 లీటర్ల కమ్మిన్స్ బి సిరీస్‌లాంటి ఇంజిన్లలో విడి లైనర్లు ఉండవు, బ్లాకులోనే బోర్ ఉంటుంది. అలాంటిది అరిగితే బ్లాకు మొత్తం దింపి బోరు కొట్టించాలి. మీరు కొనేది ఏ రకమో ముందే కనుక్కోండి.

నాకు నిజంగా కోపం తెప్పించే పని ఒకటుంది. ఘాట్‌లో బండి వేడెక్కుతోందని థర్మోస్టాట్ (ఇంజిన్ కాగేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి వెళ్లనివ్వని వాల్వు) పీకి పారేస్తారు. వేడెక్కడానికి కారణం పూడుకుపోయిన రేడియేటరో, జారుతున్న ఫ్యాన్ బెల్టో అయి ఉంటుంది. దాన్ని వెతకరు. థర్మోస్టాట్ లేని ఇంజిన్ మామూలు రోడ్డు మీద సరైన వేడికి రాదు. డీజిల్ పూర్తిగా మండక, రింగుల పక్క నుంచి ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచబరుస్తుంది. కొన్ని ఇంజిన్లలో రేడియేటర్‌ను తప్పించి నీళ్లు తిరిగే బైపాస్ దారిని మూసేది కూడా థర్మోస్టాటే. అది లేకపోతే నీళ్లు రేడియేటర్‌లోకి వెళ్లకుండానే తిరిగొచ్చి ఇంజిన్ ఇంకా వేడెక్కుతుంది. అరగంట నడిపినా టెంపరేచర్ ముల్లు కిందే ఉంటే, థర్మోస్టాట్ ఉందా అని సూటిగా అడగండి.

ఆయిల్ కడ్డీ తీసి చూడండి. నల్లగా ఉండటం తప్పు కాదు, మసిని పట్టి ఉంచడం డీజిల్ ఇంజిన్ ఆయిల్ పని. పాలు కలిసినట్టు ఉంటే నీళ్లు చేరాయి. పై గీత దాటి ఉండి డీజిల్ వాసన వస్తే డీజిల్ చేరింది. అమ్మకానికి ముందు ఆయిల్ మార్చి ఉంటే పాత ఫిల్టర్ చూపించమనండి. దాన్ని కోసి, కాగితం మడతలు విప్పి ఎండలో పెట్టండి. రాగి రంగులో, వెండి రంగులో మెరిసే రేకులు బేరింగులవి. అయస్కాంతానికి అంటుకునేది ఇనుము.

తర్వాత గాలి దారి. ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకు (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే చక్రానికి) వెళ్లే గొట్టం విప్పించి, లోపల తెల్లగుడ్డతో తుడవండి. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల్లో, క్రషర్ల దగ్గర తిరిగిన బండి అయితే ఈ పని అస్సలు మానవద్దు. ఫిల్టర్ దాటిన రాతి దుమ్ము లైనర్లను, రింగులను గీకేస్తుంది. గుడ్డకు దుమ్ము అంటితే నేనైతే ఆ బండి కొననివ్వను. గొట్టం విప్పినప్పుడే టర్బో షాఫ్ట్‌ను వేలితో ముందుకు వెనక్కి కదపండి. చక్రం రెక్కలు గోడకు రాసుకోకూడదు.

ఇప్పుడు స్టార్ట్ చేయించండి. ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టం నుంచి పొగ ఎగదన్నుతుంటే బ్యాక్ కంప్రెషన్ ఉన్నట్టు, అంటే మండిన గాలి రింగుల పక్క నుంచి కిందికి జారుతున్నట్టు. సైలెన్సర్‌లో నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోంది, వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే నీళ్లో మండని డీజిలో. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కాలుష్య ప్రమాణం) బండ్లకు ఈ పొగ పరీక్ష సరిపోదు, మసిని సైలెన్సర్ దారిలోని ఫిల్టరే పట్టేస్తుంది. వాటి సైలెన్సర్ చివర లోపల వేలు పెట్టి చూడండి. దట్టంగా నల్ల మసి అంటితే ఆ ఫిల్టర్ పగిలిందో, తీసేశారో.

ఖాళీ బండితో చేసే ట్రయల్‌ను నేను లెక్కలోకి తీసుకోను. లోడుతో, వీలైతే సాలూరు దాటాక సుంకి వైపు ఎక్కే ఘాట్ వరకు పోనివ్వండి. ఇంజిన్ బాగా కాగాక బండి ఆపి, ఖాళీ స్పీడులో ఆయిల్ ప్రెషర్ చూడండి. ఆరు సిలిండర్ల లారీ ఇంజిన్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) ఏడు మెయిన్ బేరింగుల మీద తిరుగుతుంది. మధ్యలో ఆయిల్ పొర ఉన్నంతకాలం ఇనుముకు ఇనుము తగలదు. బేరింగులు అరిగాయంటే ఆ సందుల్లోంచి ఆయిల్ జారిపోయి ప్రెషర్ పడిపోతుంది. నేను చెప్పిన బి సిరీస్ కమ్మిన్స్‌కు కనీస హద్దు ఖాళీ స్పీడులో 10 పీఎస్ఐ, పూర్తి స్పీడులో 30. డ్యాష్‌బోర్డు ముల్లును నమ్మకుండా మెకానిక్ చేత విడి గేజీ పెట్టించండి. మిగతా ఇంజిన్లకు వాటి మాన్యువల్‌లో ఉన్న అంకె చూడండి.

ఘాట్ ఎక్కి వచ్చిన వెంటనే ఆర్పనివ్వకండి. రెండు మూడు నిమిషాలు ఖాళీగా తిరగనివ్వండి, కాలిపోతున్న టర్బో బేరింగులకు ఆ కాసేపూ ఆయిల్ అందాలి. ఇంత చూశాక కూడా అడ్వాన్సు ఆ సాయంత్రమే ఇవ్వవద్దు. మరుసటి ఉదయం చల్లారిన రేడియేటర్ మూత మళ్లీ తీయించండి. నీళ్లు తగ్గి, బయట ఎక్కడా తడి లేకపోతే అవి ఇంజిన్ లోపలికే వెళ్లాయి. హెడ్ దింపి గ్యాస్కెట్, లైనర్లు చూసే ఖర్చు ధరలో తగ్గించమనండి. ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.