గదిలో ఒక రైల్వే స్టేషన్ – 9వ పాఠం: కంకర, తుప్పు, తాటిచెట్టు

కిందటి పాఠంతో మన బల్ల మీద నమూనా రైలు ఆగకుండా తిరగడం మొదలైంది. పట్టాలు బిగించాం, వైరింగ్ పూర్తయింది, లూప్ లైన్ (మెయిన్ లైన్ నుంచి విడిపోయి మళ్లీ కలిసే పక్క లైను) పాయింట్లు, అంటే బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించే చోట్లు, రెండువైపులా సాఫీగా పడుతున్నాయి. ప్లాట్‌ఫారం, స్టేషన్ గది కూడా తమ చోట్లలో కూర్చున్నాయి. అయినా గుమ్మం దగ్గర నుంచి చూస్తే అది ఇంకా బొమ్మల కొట్టులో పెట్టిన రైలులాగే ఉంటుంది. పట్టాలు కొత్త గిన్నెల్లా మెరుస్తున్నాయి, కింద కంకర లేదు, దేనిమీదా ఎండా వానా తగిలిన గుర్తు లేదు. ఈ పాఠమూ వచ్చే పాఠమూ ఆ లోటు తీర్చడానికే.

బ్రష్ పట్టుకునే ముందు ఒక పూట కేటాయించండి. చెన్నైలో ఉన్నవాళ్లు పెరంబూరు ప్లాట్‌ఫారం మీద కూర్చోండి, లేదా గుమ్మిడిపూండి లోకల్ ఎక్కి ఏదో ఒక చిన్న స్టేషన్‌లో దిగండి. రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్ కర్మాగారం దగ్గరున్న రైల్ మ్యూజియం కూడా మంచిదే, బండ్ల కొలతలూ ఆకారాలూ తెలుసుకోవడానికి. కానీ మురికి నేర్చుకోవాలంటే అక్కడ కుదరదు, మ్యూజియంలో బండ్లకి రంగు వేసి ఉంచుతారు. రోజూ పనిచేసే బండినే చూడాలి. నోటుబుక్కు తీసుకెళ్లి ఎక్కడ ఏ రంగు ఉందో, ఎందుకుందో రాసుకోండి. ఆ "ఎందుకు" అన్నదే ఈ పాఠానికి ప్రాణం. మరక ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది. కారణం తెలియకుండా వేసిన మరక ఎంత బాగా వేసినా అతికించినట్టే కనబడుతుంది.

ఉదాహరణకి, మెయిన్ లైన్ పట్టా పైభాగం చక్రాలు రాసుకుని అద్దంలా ఉంటుంది, పక్కలు మాత్రం ముదురు గోధుమ రంగులో ఉంటాయి. బండ్లు బ్రేకు వేసే చోట, అంటే ప్లాట్‌ఫారం పొడుగునా, కంకర ఎర్రబారి ఉంటుంది. బ్రేకుల నుంచి, చక్రాల నుంచి రాలిన ఇనుప పొడి తుప్పు పట్టి అలా అవుతుంది. ఇంజన్ ఆగే చోట నూనె చుక్కల నలుపు ఉంటుంది. స్టేషన్ దాటి కాస్త ముందుకెళ్తే కంకర మళ్లీ బూడిద రంగుకి వస్తుంది.

మా వీధిలో కీమ్యాన్‌గా, అంటే పట్టాల వెంట నడుస్తూ వాటిని చూసుకునే రైల్వే ఉద్యోగిగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు, ఒంగోలు వైపు మనిషి. నేను కట్టిన మొదటి బల్ల చూపిస్తే చాలాసేపు వంగి చూశారు. "బాగానే ఉంది బాబూ. కానీ మెయిన్ లైనుకీ లూపుకీ ఒకే కంకర పోశావేంటి? లూపులో రోజుకెన్ని బండ్లొస్తాయి? అక్కడ గడ్డి మొలవాలి గదా" అన్నారు. "అది నాకు తట్టలేదు బాబాయ్ గారూ" అన్నాను. ముప్పై ఏళ్లు పట్టాల వెంట నడిచిన కళ్లు అవి. అప్పటినుంచి ఏ బల్ల కట్టినా ఆయనకి చూపించాకే పూర్తయిందనుకుంటాను.

ముందు రంగు, తర్వాత కంకర

ఈ వరస మార్చకండి. కంకర పోశాక పట్టా పక్కలకి రంగు వేయడం నరకం. అక్రిలిక్ రంగుల్లో బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు తీసుకుని, అందులో చిటికెడు ఎరుపు కలపండి. సన్నటి బ్రష్‌తో పట్టా రెండు పక్కలా పూయండి. పైన అంటుకున్నది ఆరకముందే బట్టతో తుడిచేయండి. మన బండికి కరెంటు అందేది ఆ పైభాగం నుంచే. పాయింట్లలో అటూ ఇటూ కదిలే సన్నటి పట్టా ముక్కల (నాలుకల) లోపలివైపు రంగు అసలు వద్దు.

కొన్న ట్రాక్‌లో స్లీపర్లు, అంటే పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మలు, మామూలుగా చెక్క నమూనాలో, నలుపులోనో గోధుమలోనో వస్తాయి. మన దగ్గర మెయిన్ లైన్లలో కనిపించేవి కాంక్రీటు స్లీపర్లు. లేత బూడిద రంగు పూసి, ఆరాక మధ్య భాగంలో పలచగా గోధుమ రంగు అద్దితే చాలు, ఆ మార్పు వెంటనే కనబడుతుంది. లూప్ లైన్‌ని పాతకాలం చెక్క స్లీపర్లతోనే వదిలేసినా అందమే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనం వాడుతున్న హెచ్‌ఓ స్కేలు 1:87, అంటే అన్నీ అసలు సైజులో 87వ వంతు. రెండు పట్టాల మధ్య ఎడం (గేజ్) 16.5 మిల్లీమీటర్లు. అది 1,435 మిల్లీమీటర్ల విదేశీ గేజ్‌కి సరిపోయే కొలత. మన బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు కాబట్టి నిజానికి 19 మిల్లీమీటర్ల పైచిలుకు ఉండాలి. ఆ ట్రాక్ కావాలంటే చేత్తో కట్టుకోవాలి. నేను కట్టలేదు, మిమ్మల్నీ కట్టమనను. కంకరని పక్కలకి కాస్త ఉదారంగా పరిస్తే పట్టాలు ఇరుకుగా ఉన్నాయన్న సంగతి కంటికి ఆనదు.

కంకర

కొట్లో దొరికే విదేశీ కంకర ప్యాకెట్లు ఖరీదు, పైగా రంగు మనది కాదు. ఇల్లు కడుతున్న చోట అడిగి ఒక కవరు ఎం-శాండ్ తెచ్చుకోండి. అది రాతిని క్రషర్‌లో పిండి చేసిన ఇసుక. రైల్వే కంకరా క్రషర్ రాయే కాబట్టి, రంగూ పదునైన అంచులూ రెండూ కలుస్తాయి.

సైజు లెక్క చూద్దాం. రైల్వే కంకర ఎక్కువగా 20 నుంచి 65 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. 87తో భాగిస్తే దాదాపు పావు మిల్లీమీటరు నుంచి ముప్పావు మిల్లీమీటరు. అంతకన్నా పెద్ద రేణువు పట్టాల మధ్య బండరాయిలా కనబడుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. సన్న కన్నాల స్టీలు టీ జల్లెడలో పోసి ఆడించండి, పైన మిగిలింది పారేయండి. కిందికి దిగినదాన్ని మైదా జల్లెడలో పోయండి. ఈసారి జల్లెడలో మిగిలిందే మన కంకర. కింద పడ్డ దుమ్ము కూడా దాచుకోండి, ప్లాట్‌ఫారం చివర మట్టి బాటకి పనికొస్తుంది. కంకరని రెండు మూడు నీళ్లు మార్చి కడిగి, పేపరు మీద ఎండబెట్టండి. కడగకపోతే దుమ్ము జిగురుని లోపలికి దిగనివ్వదు.

ఎండాక అయస్కాంతానికి పాలిథిన్ కవరు చుట్టి కంకరలో అటూ ఇటూ తిప్పండి. నల్లటి పొడి కొంచెమైనా అంటుకుంటుంది. దాన్ని తీసేయకపోతే ఇంజన్ మోటారులోని అయస్కాంతం పట్టాల మీద నుంచి లాగేసుకుంటుంది, కొన్నాళ్లకి మోటారు గరగరలాడుతుంది. ఈ మెట్టు మాత్రం దాటేయకండి.

అడుగు పొడవు ట్రాక్‌కి నాలుగు టీస్పూన్ల కంకర దాదాపు సరిపోతుంది. మడిచిన కాగితంలోంచి పట్టాల మధ్య సన్నగా పోసి, వెడల్పాటి మెత్తటి బ్రష్‌తో సర్దండి. స్లీపర్ పైన రేణువులు నిలవకూడదు. బ్రష్ వెనక కర్రతో పట్టా మీద మెల్లగా టకటకమని కొడితే నిలిచినవి సందుల్లోకి జారిపోతాయి. స్లీపర్ చివర నుంచి నాలుగైదు మిల్లీమీటర్లు సమంగా ఉంచి, అక్కడి నుంచి వాలు ఇవ్వండి. ఈ పనికి తొందర పనికిరాదు. జిగురు పడ్డాక దిద్దుకునే వీలుండదు, ఇప్పుడెంత సేపు పట్టినా పర్వాలేదు.

ఇప్పుడు తడపాలి. నీళ్లలో ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి. ఆ చుక్క లేకపోతే నీటిబొట్టు కంకర మీద ముత్యంలా నిలబడి, దొర్లుతూ గుంటలు చేస్తుంది. స్ప్రే సీసాని ట్రాక్ వైపు కాకుండా గాల్లోకి కొట్టండి, మంచులా దానంతటది దిగాలి. కంకర రంగు ముదిరిందంటే తడిసినట్టు. తర్వాత ఒక పాలు ఫెవికాల్‌కి రెండు పాళ్లు నీళ్లు, మళ్లీ ఒక చుక్క లిక్విడ్ కలిపి, డ్రాపర్‌తో స్లీపర్ల మధ్య చుక్క చుక్కగా వదలండి. పాలు పోసినట్టు తెల్లగా కనబడితే కంగారు పడకండి, ఆరాక జాడ ఉండదు.

పాయింట్ల దగ్గర పద్ధతి వేరు. నా రెండో బల్ల మీద మెయిన్ లైన్‌కి పోసినట్టే పాయింటుకీ జిగురు పోశాను. తెల్లారి చూస్తే నాలుక కదల్లేదు. దాన్ని విడదీయబోతే కడ్డీ విరిగింది, పాయింటు మొత్తం మార్చాల్సి వచ్చింది. కాబట్టి కదిలే కడ్డీ చుట్టూ కంకర వద్దు, ఆ చోట బూడిద రంగు పూసి వదిలేయండి. నాలుక కీలు దగ్గర ముందే కుట్టు మిషన్ నూనె ఒక చిన్న చుక్క పెట్టండి, జిగురు అటు పాకదు. మిగతా చోట పలచగా కంకర వేసి, మొదటి గంటలో పది నిమిషాలకోసారి పాయింటుని అటూ ఇటూ వేస్తూ ఉండండి.

పట్టాల పైభాగం అప్పటికప్పుడు తడిబట్టతో తుడిచి, ఫ్యాను కింద వదిలేయండి. చెన్నై తేమకి ఒక రోజు చాలదు. రెండు రోజులు ఆగండి. ఆరాక వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి పాత సాక్సు తొడిగి పైపైన లాగితే, అంటుకోని రేణువులు సాక్సులోకి వస్తాయి, మళ్లీ వాడుకోవచ్చు. పట్టాలని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన బట్టతో తుడవండి. కిటికీ తెరిచి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు. గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి, ఆ గీతల్లోనే తర్వాత మురికి పేరుకుంటుంది. చివరగా ఒక బరువైన వ్యాగన్‌ని వేలితో మెల్లగా తోస్తూ చెవి పెట్టి వినండి. టిక్కుమన్న ప్రతి చోటా ఒక రేణువు చక్రానికి అడ్డం ఉన్నట్టు. పళ్లపుల్లతో తీసేయండి.

లూప్ లైన్‌లో కంకరకి మైదా జల్లెడ దుమ్ము కాస్త కలపండి, రంగు మట్టి వైపు తిరుగుతుంది. అక్కడక్కడా కొబ్బరి పీచుని మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్కలుగా కత్తిరించి, కుచ్చులుగా నిలబెట్టండి. ఈ ప్రాంతంలో పట్టాల పక్క గడ్డి ఏడాదిలో చాలా నెలలు ఎండుగడ్డి రంగులోనే ఉంటుంది. ప్యాకెట్లలో వచ్చే పచ్చటి గడ్డి ఇక్కడ నప్పదు.

పెట్టెల మీద వాన చారలు

ఇది త్వరగా అయిపోయే పని. నల్లరంగు, గోధుమ రంగు కలిపిన ఒక చుక్కకి పది చుక్కల నీళ్లు పోసి, పెట్టె పక్కన పూయండి. నిమిషం ఆగి ఇయర్‌బడ్‌తో పైనుంచి కిందికి మాత్రమే తుడవండి. వాన పైనుంచి కిందికే కదా కారుతుంది. అడ్డంగా తుడిచిన పెట్టెని ఎంత దూరం నుంచైనా పట్టేయొచ్చు. చక్రాల బయటి పక్కలకి, వాటిని పట్టి ఉంచే చట్రాలకి తుప్పు రంగు సుద్దపొడి అద్దండి. చివర్లో మ్యాట్ వార్నిష్ స్ప్రే. గాల్లో తేమ ఎక్కువున్నప్పుడు ఈ స్ప్రే తెల్లగా పొగబారుతుంది, కాబట్టి బాగా ఎండ కాసే రోజు చూసుకుని చేయండి.

తాటిచెట్టు

చెన్నై నుంచి గూడూరు వెళ్లే దారిలో ఆరంబాక్కం దాటి తడ వైపు కిటికీలోంచి చూస్తే తాటిచెట్లు, సరుగుడు తోటలు, తుమ్మ పొదలు. నా బల్లకి ఆ దారే ఆదర్శం. తాడి లేకపోతే ఆ ఊరు ఆ ఊరు కాదనిపిస్తుంది నాకు.

పన్నెండు మీటర్ల తాడి మన స్కేలులో 14 సెంటీమీటర్లు. స్టేషన్ గది పక్కన పెట్టి చూస్తే ఇంత పొడవా అనిపిస్తుంది, కానీ అదే నిజం. బల్లల మీద చెట్లు ఎప్పుడూ పొట్టిగానే పెడతారు, దాంతో ఊరంతా తోటకూర మడిలా అయిపోతుంది. వెదురు పుల్లకి టిష్యూ కాగితం జిగురులో ముంచి చుట్టండి, మొదట్లో లావుగా, పైకి సన్నగా. ఆరాక బూడిద రంగు పూసి, గోటితో అడ్డంగా నొక్కులు పెట్టండి. ఆకుకి పలచటి కాగితాన్ని రూపాయి బిళ్లంత గుండ్రంగా కత్తిరించి, విసనకర్రలా మడతలు పెట్టి, అంచుని కత్తెరతో చీల్చండి. ఒక్కో చెట్టుకి ఇరవై దాకా కావాలి. పై వరస నిక్కబొడుచుకుని పచ్చగా, మధ్య వరస పక్కలకి, కింది నాలుగైదు ఎండిపోయి మానుకి ఆనుకుని వేలాడుతూ ఉండాలి. ఆ ఎండాకులే తాడికి అసలు పోలిక. అవి మర్చిపోతే ఏ దేశపు చెట్టో తెలియదు.

మూడు చెట్లు కలిపి ఒక చోట, ఒకటి విడిగా నాటండి. సమదూరంలో నాటితే పార్కు అవుతుంది.

వచ్చే పాఠానికి

పసుపు పలక మీద నల్లటి అక్షరాలతో స్టేషన్ బోర్డు, కరెంటు స్తంభాలు, ప్లాట్‌ఫారం దీపాలు చూద్దాం. బోర్డుకి మీ ఊరి పేరు ఎంచుకుని, పైన తెలుగు, మధ్యలో హిందీ, కింద ఇంగ్లీషు వచ్చేలా కాగితం మీద రాసి చూసుకోండి. మీ స్టేషన్ గుమ్మిడిపూండి వైపుదైతే పైన తమిళం రావాలి. స్తంభాల మధ్య దూరం నిజంలో 72 మీటర్ల వరకు ఉండొచ్చు, అంటే మన లెక్కలో 83 సెంటీమీటర్లు. ఆరడుగుల బల్లకి అది మరీ ఎడం, 40 సెంటీమీటర్లకి ఒక గుర్తు పెట్టుకోండి. చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌కి వెళ్లినప్పుడు తెల్లవి నాలుగు, పసుపు ఛాయవి రెండు 3 ఎంఎం ఎల్‌ఈడీలు, 4.7 కిలో ఓముల రెసిస్టర్లు ఆరు తెచ్చుకోండి. 12 ఓల్టులకి ఆ రెసిస్టర్ పెడితే దీపం కళ్లలో పొడవకుండా మసకగా, రాత్రి చిన్న స్టేషన్లో వెలిగినట్టు వెలుగుతుంది. పసుపువి టీ కొట్టుకి.

ఈలోగా జిగురు పూర్తిగా ఆరనివ్వండి. ముట్టుకుని చూడాలనిపించినా రెండు రోజులు ఆగండి.