చెక్కు మీద, పాస్‌బుక్‌లో ఉండే బ్యాంక్ కోడ్‌లు చదవడం ఎలా?

ఇప్పుడు ఫోన్ నంబర్ కొడితే డబ్బులు వెళ్లిపోతున్నాయి కాబట్టి ఈ కోడ్‌ల సంగతి ఎవరికీ పట్టదు, కానీ పిల్లల స్కాలర్‌షిప్ ఫారమో, పీఎఫ్ క్లెయిమో, 2 లక్షల పైన ఇంకో బ్యాంకుకి పంపే ఆర్టీజీఎస్ చేయాల్సిన పనో వచ్చిందంటే మాత్రం పాస్‌బుక్ ఎక్కడ పెట్టామా అని బీరువా అంతా వెతుకుతాం.

ముందు ఐఎఫ్‌ఎస్‌సి చూడండి, డబ్బులు ఏ బ్యాంకు ఏ బ్రాంచ్‌కి వెళ్లాలో చెప్పే కోడ్ ఇదే. పాస్‌బుక్ మొదటి పేజీలో ఉంటుంది, చెక్కు మీదైతే పైన బ్రాంచ్ అడ్రస్ దగ్గర చిన్నగా ప్రింట్ చేసి ఉంటుంది. అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం 11 ఉంటాయి. మొదటి 4 అక్షరాలు బ్యాంకువి, స్టేట్ బ్యాంక్‌కి ఎస్‌బిఐఎన్, యూనియన్ బ్యాంక్‌కి యుబిఐఎన్ అన్నమాట. ఐదోది ఎప్పుడూ సున్నానే, చాలామంది అక్కడ ఇంగ్లీష్ ఓ అక్షరం కొట్టేసి కోడ్ తీసుకోవట్లేదని యాప్‌ని తిడుతుంటారు. మిగతా 6 బ్రాంచ్‌వి, మామూలుగా అంకెలే, కొన్నిటికి అక్షరాలూ ఉంటాయి, కంగారు పడక్కర్లేదు.

తర్వాత చెక్కు అడుగున తెల్లపట్టీ మీద వింతగా ఉండే అంకెలు. మెషిన్ చదవడానికి అయస్కాంతం ఇంకుతో వేస్తారు. ఎడమ నుంచి మొదటి 6 చెక్కు నంబర్, ఆ పక్కన 9 అంకెలే ఎంఐసిఆర్ కోడ్. అందులో మొదటి 3 ఊరు, ఇవి పిన్‌కోడ్ మొదటి మూడంకెలే, హైదరాబాద్ 500, విజయవాడ 520, విశాఖ 530. మధ్య 3 బ్యాంకు, స్టేట్ బ్యాంక్ అయితే 002. చివరి 3 బ్రాంచ్.

మన దగ్గర అసలు చిక్కు పాత పాస్‌బుక్‌లతోనే. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్‌లో స్టేట్ బ్యాంక్‌లో కలిసిపోయింది, ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంక్‌లోకి, సిండికేట్ అదే రోజు కెనరాలోకి. మీ ఇంట్లో పెద్దవాళ్ల పాస్‌బుక్ మీద ఇంకా ఆ పాత పేరే ఉంటే ఆ కోడ్ ఫారంలో రాయొద్దు, రిజర్వ్ బ్యాంక్ వెబ్‌సైట్‌లో బ్యాంకు పేరూ బ్రాంచ్ పేరూ ఇచ్చి కొత్తది చూస్కోండి, లేదా బ్రాంచ్‌కెళ్లి కొత్త పాస్‌బుక్ ప్రింట్ చేయించుకుంటే ఇంకా మంచిది.

ఇంకోటి, నెఫ్ట్‌లో (ఇదీ ఆర్టీజీఎస్ లాగే బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపే పద్ధతే, చిన్న మొత్తాలకీ పనిచేస్తుంది) గానీ ఆర్టీజీఎస్‌లో గానీ డబ్బులు జమ చేసేది అకౌంట్ నంబర్ చూసే, పేరు సరిపోయిందా లేదా అని కాదు. అందుకే కోడ్‌ని ఒకసారి చూస్తే అకౌంట్ నంబర్‌ని రెండుసార్లు చూడాలంటాను. ఎదుటివాళ్ల పేరు ముందే చూపించే ఏర్పాటు 2025 ఏప్రిల్ 1 కల్లా పెట్టాలని రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకి చెప్పింది, మీ యాప్‌లో ఉంటే పేరు చూశాకే పంపండి.

అమెరికాలో ఉన్న మీ వాళ్లు రౌటింగ్ నంబర్ (అక్కడి బ్యాంకులకుండే కోడ్) అడిగితే, అదీ 9 అంకెలే కదా అని ఎంఐసిఆర్ ఇచ్చేయొద్దు, ఇది అక్కడ పనికిరాదు. బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపుతుంటే కావాల్సింది స్విఫ్ట్ కోడ్, అంటే విదేశాల నుంచి డబ్బులు పంపడానికి బ్యాంకుని గుర్తుపట్టే కోడ్, అక్షరాలూ అంకెలూ కలిపి 8 గానీ 11 గానీ ఉంటాయి, ప్రతి బ్రాంచ్‌కీ విడిగా ఉండదు కాబట్టి ఏది ఇవ్వాలో మీ బ్రాంచ్‌లోనే అడగండి.